కాలడానికేమీ లేని మట్టి

మా పెదనాన్నకి చేను అద్దంలా ఉండాలి. కోతవగానే మోళ్లకి నిప్పు పెట్టేవాడు.

"అసలే ఇసుక నేల. దాని నోటికాడి కూడు తగలెట్టకు" అని పెద్దమ్మ మొత్తుకునేది. బావి పక్క మూలలో ఆకులూ అలములూ కప్పి, అక్కడికి మాత్రం నిప్పు రానిచ్చేది కాదు.

ఆమె పోయాక, పొయ్యి వెలిగించకపోయినా ఇంట్లో పొగ వాసన వస్తోందనేవాడు. ఒకరోజు నేను పనిచేసే మట్టి పరీక్షల ఆఫీసుకి రెండు పొట్లాలు తెచ్చాడు. ఒకటి చేనుది, ఒకటి ఆ మూలది.

రెండింటినీ ఆఫీసులోని కరెంటు కొలిమిలో పెట్టి కాల్చాను. మట్టిలో కుళ్లిన ఆకుల సారం ఎంతుంటే అంత కాలిపోయి బరువు తగ్గుతుంది. మూలది తగ్గింది. చేనుది ఇంచుమించు తగ్గనే లేదు.

"చేను మట్టిలో కాలడానికి ఏమీ మిగల్లేదు పెదనాన్నా" అన్నాను.

ఆయన ఖాళీ అయిన ఆ మూల మట్టి పొట్లం కాగితాన్ని వాసన చూశాడు.

"మీ పెద్దమ్మది కూడా కాల్చేశావా?" అన్నాడు.