తోడికోడళ్ల చీటీలు

కంటి ఆసుపత్రిలో ఆమెను అందరూ చుక్కలక్క అంటారు. ఇరవై ఆరేళ్లుగా నర్సు. ఆపరేషనయి ఇంటికి వెళ్లేవాళ్లు చుక్కల మందు ఎలా వేసుకోవాలో చీటీ రాసివ్వడం ఆమె పని. రాసీ రాసీ మణికట్టు పట్టేసింది. పెన్ను పట్టుకుంటే ప్రాణం పోయినంత పనయ్యేది. అందుకే డాక్టరు రాసిన మందులు చూసి తేలిక మాటల్లో చీటీ తయారుచేసే ఏఐని కంప్యూటర్లో పెట్టినప్పుడు, అందరికంటే ఎక్కువ సంతోషించింది ఆమే.

నెల తిరక్కుండానే ఇద్దరు తోడికోడళ్లు వచ్చారు. ఇద్దరికీ ఒకే రోజు ఆపరేషన్, ఒకే మందు. చిన్నకోడలి కన్ను ఎర్రగా వాచి ఉంది. నాలుగు రోజులకే మందు మానేసిందట.

చుక్కలక్క ఆమె కన్ను దగ్గరగా చూసింది. "ఎందుకు మానేశావమ్మా?"

"మా అక్క చీటీలో 'రోజుకు నాలుగుసార్లు' అనుంది. నా దాంట్లో 'మెలకువగా ఉన్నంతసేపు కొన్ని గంటలకోసారి' అనుంది. నాకు వేరేవాళ్ల మందు ఇచ్చారేమోనని భయమేసింది."

"మందు ఒకటేనే అంటే వింటేగా! నా మీదే అలిగి కూర్చుంది" అంది పెద్దకోడలు.

డాక్టరు వెంటనే చూశారు. "వేళకే వచ్చావమ్మా, కంటికేం భయం లేదు" అన్నారు. అయినా చుక్కలక్క అంతటితో ఊరుకోలేదు. రెండు చీటీలూ పట్టుకుని, కంప్యూటర్లు చూసే అమ్మాయి గదికి వెళ్లింది.

"మందు ఒకటే. మాట మాత్రం పూటకో రకం. ఎందుకిలా?"

"దీంట్లో టెంపరేచర్ అని ఒక అంకె ఉందక్కా."

"దీనిక్కూడా జ్వరమా?"

అమ్మాయి నవ్వేసింది. "ఇది ఒక్కో మాటా ఏరుకుంటూ రాస్తుంది. ఈ అంకె ఎక్కువుంటే అరుదుగా వచ్చే మాటల వైపు కూడా పోతుంది. కథలకైతే సరదాగా ఉంటుంది. చీటీలకు సున్నా చాలు."

అంకె తగ్గించి, అదే మందుకు ఐదు చీటీలు తీసింది. ఐదూ ఒకేలా వచ్చాయి. చుక్కలక్క హమ్మయ్య అనుకుంది.

"కానీ ఒక్కమాటక్కా. మాట మారడం తగ్గుతుంది, అంతే. తప్పు రాస్తే ఆ తప్పే మళ్లీ మళ్లీ రాస్తుంది. చూసుకోవాల్సింది మీరే."

అప్పటినుంచి ప్రతి చీటీనీ డాక్టరు రాసినదాని పక్కన పెట్టి చదివాకే చేతికిస్తోంది.

మూడు వారాలకు తోడికోడళ్లు పరీక్షకొచ్చారు. చిన్నకోడలు గోడమీది అక్షరాలన్నీ అడుగు వరస దాకా గడగడా చదివేసింది. చుక్కలక్క ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"మీరిద్దరూ పోట్లాడుకోబట్టి నాకు తెలిసింది తల్లీ. లేకపోతే ఇంకెంతమంది కళ్లు పాడయ్యేవో! మీ మేలు మరిచిపోను."

పెద్దకోడలు చీరకొంగుతో మొహం తుడుచుకుంటూ నవ్వింది. "మా పోట్లాటకు దండం పెట్టిన మనిషిని ఇప్పుడే చూస్తున్నా. ఈ మాట ఇంటికొచ్చి మా అత్తగారితో చెప్పండమ్మా, పుణ్యముంటుంది!"