హెడ్ విప్పనన్న రోజు

రెండేళ్ల కిందటి కార్తీక మాసం. కొత్తపేటలో, రావులపాలెం వెళ్లే రోడ్డు పక్కన నేను సొంత షెడ్డు పెట్టి అప్పటికి ఏడాదిన్నర. రెండు కార్లు పట్టే రేకుల షెడ్డు. బోర్డు మీద సుజాత అని నా పేరే రాయించేను. అయినా కొత్తగా వచ్చినవాళ్లు లోపలికి తొంగి చూసి, "మెకానిక్ గారు లేరామ్మా?" అని అడిగేవారు. "నేనేనండి, చెప్పండి" అనేదాన్ని. కొందరు చెప్పేవారు. కొందరు మళ్లీ వస్తామని వెళ్లిపోయేవారు.

ఒక ఆదివారం పొద్దున్న వీర్రాజు గారు తన డీజిల్ కారు తీసుకొచ్చేరు. ఆయన కువైట్‌లో పదకొండేళ్లు డ్రైవరుగా చేసి వచ్చి, ఆ కారు కొనుక్కుని ఇక్కడ తిప్పుకుంటున్నారు. మంగళ, గురు, శనివారాల్లో ముగ్గురు కిడ్నీ రోగుల్ని అమలాపురం తీసుకెళ్లి, డయాలసిస్ అయ్యేదాకా అక్కడే ఉండి, మళ్లీ ఇళ్ల దగ్గర దింపుతారు. ఆ ముగ్గురిలో ఒకరైన రిటైర్డ్ టీచరు అనసూయమ్మ గారు కూడా ఆయనతో వచ్చేరు.

కారు ఆగింది గానీ పొగ ఆగలేదు. సైలెన్సర్ నుంచి తెల్లగా, దట్టంగా వస్తోంది. రోడ్డుకి అవతల ఉన్న టీ కొట్టు కాసేపు కనబడలేదు.

"సుబ్బారావు మేస్త్రీ గారు చూసేరమ్మా," అన్నారు వీర్రాజు గారు. "హెడ్ పోయిందన్నారు. ఇంజను దించాలట. మూడు వారాలు పడుతుందట."

"మరి నా దగ్గరికెందుకు తెచ్చేరు?"

అనసూయమ్మ గారే అన్నారు: "నేనే తెమ్మన్నానమ్మా. మూడు వారాలు బస్సులు మారి వెళ్లే ఓపిక నాకు లేదు. డయాలసిస్ అయ్యేక నిలబడ్డమే కష్టం. ఇంకొకళ్లు చూసి అదే మాట చెబితే అప్పుడు ఒప్పుకుంటాను."

సుబ్బారావు మేస్త్రీ గారు నాకు పరాయివారు కాదు. ఐటీఐలో డీజిల్ మెకానిక్ కోర్సు అయ్యేక ఆయన దగ్గరే ఆరేళ్లు పనిచేసేను. ఆడపిల్లని పనిలో పెట్టుకోవడానికి ఎవరూ ఒప్పుకోని రోజుల్లో ఆయన పెట్టుకున్నారు. ఆ కృతజ్ఞత నాకుంది. ఇంకొకటి కూడా ఉంది. అప్పట్లో ఒక వ్యాను ఇలాగే తెల్ల పొగ కక్కుతూ వస్తే, చూస్తూనే హెడ్ తియ్యమన్నారు. ఆ పొగ కళ్లు మండించేది. కాలని డీజిల్ వాసన అది. నాకు అనుమానం వచ్చింది గానీ నోరు విప్పలేదు. తీసి చూస్తే హెడ్ కింది గ్యాస్కెట్ కొత్తదానిలా ఉంది. తప్పు డీజిల్ చిమ్మే ఇంజెక్టర్‌ది. ఆ సంగతి వ్యాను యజమానికి చెప్పలేదు. గ్యాస్కెట్ పోయిందనే చెప్పేరు. నేను పక్కనే నిలబడి తలూపేను. ఆ తలూపడం నన్ను చాలా ఏళ్లు తినేసింది.

ఇంజనుకి పైభాగం హెడ్. దానికీ కింది భాగానికీ మధ్య ఉండే పల్చటి రేకే హెడ్ గ్యాస్కెట్. అది చిరిగితే ఇంజనుని చల్లబరిచే కూలెంట్ నీళ్లు లోపలికి దిగి, ఆవిరై, తెల్ల పొగవుతాయి. కాబట్టి మేస్త్రీ గారి అనుమానం పిచ్చిది కాదు. కానీ కూలెంట్ పొగలోకి వెళ్లే దారి అదొక్కటే కాదు.

చలిరోజుల్లో పొద్దున్నే ఏ బండైనా కాస్త ఆవిరి వదులుతుంది. నాలుగు నిమిషాల్లో పోతుంది. ఇది పావుగంటైనా పోలేదు. కళ్లు మండలేదు, వాసన తియ్యగా ఉంది. అంటే కూలెంటే. ఇంజను చల్లారేక రేడియేటర్‌కి చేతి పంపు బిగించి ఒత్తిడి పెట్టేను. పంపు మీటరు ముల్లు మెల్లగా దిగుతోంది, కింద మాత్రం చుక్క పడలేదు. నీళ్లు లోపలే ఎక్కడికో పోతున్నాయి. కూలెంట్‌లో ఇంజను గ్యాసు కలిస్తే రంగు మారే నీలం మందుతో పరీక్ష చేసేను. నీలం నీలంగానే ఉంది. నాలుగు సిలిండర్ల కంప్రెషన్, అంటే లోపల గాలిని నొక్కే బలం, చూసేను, నాలుగూ సమానం. సన్నటి కెమెరా లోపలికి దింపితే పిస్టన్ల తలలు పొడిగా, మసిగా ఉన్నాయి. నీళ్లు దిగే చోట అలా ఉండవు.

"వీర్రాజు గారూ, నేను హెడ్ విప్పను," అన్నాను.

మేస్త్రీ గారికి తెలియకుండా చేస్తే బాగోదని ఆయన ఫోన్ చేసేరు. అరగంటలో మేస్త్రీ గారు స్కూటరు మీద వచ్చేరు.

"ఏమ్మా సుజాతా, నేను చెప్పినదానికి మళ్లీ పరీక్షలు పెడుతున్నావంట?"

"మీ మాటకి కాదండి, బండికి పెడుతున్నాను."

"ముప్పయ్యేళ్లుగా చూస్తున్నాను. తెల్ల పొగ, రేడియేటర్లో నీళ్లు తగ్గడం. ఇంక చూడ్డానికేముంది? రేపు దారిలో ఇంజను పట్టేస్తే ఆ రోగుల్ని నువ్వు మోసుకెళ్తావా?"

నేను కాగితం తీసి రాసేను: హెడ్ బాగానే ఉందని చెప్పింది నేనే, తప్పయితే బాధ్యత నాదే. సంతకం పెట్టి వీర్రాజు గారి చేతికిచ్చేను. ఆయన దాన్ని చదవకుండానే అనసూయమ్మ గారికిచ్చేరు. ఆవిడ చదివి, మడిచి, చేతిసంచిలో పెట్టుకున్నారు.

నా అనుమానం ఈజీఆర్ కూలర్ మీద. డీజిల్ బండిలో పొగ కొంత వెనక్కి మళ్లి ఇంజనులోకే వెళ్తుంది. వెళ్లేముందు దాన్ని చల్లబరిచే డబ్బా అది. పక్కపక్క గొట్టాల్లో ఒకదాంట్లో పొగ, ఒకదాంట్లో కూలెంట్. మధ్య గోడ చిట్లితే నీళ్లు పొగలో కలిసి సైలెన్సర్ వైపు కారతాయి. ఆ డబ్బాకి వచ్చే కూలెంట్ పైపులు రెండూ పీకి, ఒకదానికొకటి కలిపేసేను. డబ్బాకి ఇంక నీళ్లు రావు. తప్పు దానిదైతే పొగ ఆగాలి.

స్టార్ట్ చేసేను. పొగ ఆగలేదు. ముందెంతొచ్చిందో అంతే వచ్చింది.

"చూసేవా?" అన్నారు మేస్త్రీ గారు. అంతే. సంతకం పెట్టిన కాగితం సంచిలో ఉంది. ఒక్క క్షణం ఆయన కాళ్ల మీద పడిపోదామా అనిపించింది. మళ్లీ పరీక్షలన్నీ ఒక్కొక్కటే తలుచుకున్నాను. ఏదీ మారలేదు. మరి ఈ పొగ? ఇన్నాళ్లూ కారిన నీళ్లు సైలెన్సర్ నిండా ఉండి ఉంటాయి. అవి ఆవిరై పోవద్దూ?

"ఎక్కండి మేస్త్రీ గారూ," అన్నాను.

"ఎక్కడికి?"

"కాలవ గట్టు మీద తిరిగొద్దాం. పొగ తగ్గకపోతే మీ షెడ్డు ముందే ఆపుతాను. ఇంజను మీరే దించుదురుగాని."

ఆయన ముందు సీట్లో కూర్చున్నారు. వీర్రాజు గారూ, అనసూయమ్మ గారూ వెనక. నా కళ్లు అద్దంలోనే ఉన్నాయి. మొదటి పది నిమిషాలు వెనక రోడ్డు కనబడలేదు. తర్వాత వెనకొచ్చే ఆటో కనబడింది. తర్వాత దాని నంబరు ప్లేటు. ఇంకాసేపటికి కొబ్బరి చెట్లు, వాటి వెనక చేలూ స్పష్టంగా కనబడ్డాయి.

"పోయిందమ్మా!" అని అనసూయమ్మ గారు వెనక్కి తిరిగి చూస్తూ అరిచేరు.

షెడ్డుకి వచ్చి, చల్లారేక కూలర్ డబ్బా ఊడదీసి, కూలెంట్ దారి ఒక పక్క మూసి, రెండో పక్క గాలి పెట్టి నీళ్ల తొట్టిలో ముంచేను. పొగ వెళ్లే దారిలోంచి బుడగలు బుసబుసా వచ్చేయి. మేస్త్రీ గారు వంగి చాలాసేపు చూసేరు.

"ఈసారి నీకు కలిసొచ్చింది," అన్నారు.

"కలిసి రాలేదండి. చూసేను."

"పెద్దవాళ్లతో ఇలా మాట్లాడమని నేను నేర్పలేదే."

"ఆయ్. అది మీ దగ్గర నేర్చుకోలేదండి."

ఆయన స్కూటరు తన్ని వెళ్లిపోయేరు. సోమవారం రాజమండ్రి నుంచి కొత్త కూలర్ తెప్పించి బిగించేను. మంగళవారం పొద్దున్న ముగ్గురూ ఆ కార్లోనే అమలాపురం వెళ్లేరు. తర్వాత కొన్నాళ్లు మేస్త్రీ గారు నా షెడ్డుకి వెళ్లొద్దని కనబడ్డవాళ్లందరికీ చెప్పేరు. కొందరు రావడం మానేసేరు కూడా. నాకు పని నేర్పిన మనిషి అలా అనడం బాధగానే ఉంది, ఇప్పటికీ. కానీ మళ్లీ ఆ రోజు వస్తే ఆ జవాబులే చెబుతాను.

పొగ రంగు చూసి రోగం చెప్పేయకూడదని ఆ కారు నాకు నేర్పింది. రంగు అనుమానం వరకే తీసుకెళ్తుంది. ఆ తర్వాత పరీక్ష చెయ్యాలి. చేసేక ఫలితం ఎవరికి నచ్చకపోయినా దాని పక్కనే నిలబడాలి. ఇప్పుడు ఎవరైనా వచ్చి ఫలానా ఆయన హెడ్ పోయిందన్నారంటే, ఆ ఫలానా ఆయన ఎంత పెద్దవారైనా, నేను ఒక్కటే అడుగుతాను: "ఏం పరీక్ష చేసేరండి?" ఆ మాటకి మొహం మాడ్చుకునేవాళ్లుంటారు. మాడ్చుకోనివ్వండి.