వారెన్ టిల్లీ సాయంత్రపు కొలువు

పగలంతా బూట్ల దుకాణంలో మోకాళ్ల మీద కూర్చుని జనం పాదాలకు బూట్లు తొడిగే వారెన్ టిల్లీ, సాయంత్రం అమెరికాలో కనెక్టికట్‌లోని ఒక కాలేజీలో బూడిదరంగు కోటు వేసుకోగానే నిటారుగా నిలబడేవాడు. పక్కగదిలో మనిషి తప్పు జవాబిచ్చినప్పుడల్లా మీట నొక్కి కరెంటు షాకివ్వమని, పరీక్షకు వచ్చినవాళ్లకు చెప్పడం అతని పని. షాకు అబద్ధం, కేకలు నటన; వచ్చినవాళ్లకు ఆ సంగతి తెలియదు. మనిషి ఎంతదాకా చెప్పినమాట వింటాడో చూడాలని ప్రొఫెసరు పెట్టిన పరీక్ష అది. చెమటలు కక్కుతూనే చాలామంది నొక్కేవారు.

ఒకరోజు వచ్చిన రొట్టెల కొట్టు లోరెట్టా, కేకలు వినగానే చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇక నావల్ల కాదు బాబూ."

"కానివ్వండమ్మా. మధ్యలో ఆపడానికి వీల్లేదు," అన్నాడు టిల్లీ.

"వీల్లేదనడానికి నువ్వెవరివయ్యా? అక్కడ ఆయన చచ్చేలా ఉన్నాడు," అని సంచి తీసుకుని వెళ్లిపోయింది.

ఒకవైపు నుంచే కనిపించే అద్దం వెనక నుంచి చూస్తున్న ప్రొఫెసరు బయటికొచ్చాడు. "ఏం టిల్లీ, మొహం అలా పాలిపోయిందేం?"

"ఈ పని నాకు మొదట్నుంచీ నచ్చలేదు సార్."

"మరి మానెయ్యలేదేం?"

"మీరు చెయ్యమన్నారు కదా సార్."

ప్రొఫెసరు నోటుపుస్తకం తీసి, చెప్పినమాట విన్నవాళ్ల లెక్కలో ఇంకొకటి కలిపాడు. ఈలోగా బయట తర్వాతి మనిషి తలుపు తట్టాడు. టిల్లీ నుదురు తుడుచుకుని, వెళ్లి తలుపు తీశాడు.