రత్నమత్త ఐసు ఫ్లాస్కు

చెల్లెలి కూతురి పెళ్లిలో నిమ్మరసం చల్లగా ఉండాలని రాజరత్నం టీకా ఫ్లాస్కులోని ఐసు పట్టుకుపోయిందనీ, మందు చెడి బుచ్చిరాజు గారి కోళ్లు అందుకే చచ్చాయనీ మా ఊళ్లో చెప్పుకునేవారు. కాలవ గట్టు మీద టీ కొట్టు సత్తిరాజైతే, "తునిలో పెళ్లోరికి గొంతు చల్లబడిందండి, ఇక్కడ కోళ్లకి ఒళ్లు చల్లబడిందండి" అని వచ్చినవాళ్లందరికీ టీతో పాటు వడ్డించేవాడు.

రాజరత్నాన్ని నేను రత్నమత్త అంటాను. తణుకు దగ్గర మా ఊళ్లో బుచ్చిరాజు గారికి రెండు కోళ్ల షెడ్లు ఉండేవి, కాలవకు ఇటొకటి, అటొకటి. గుడ్ల కోళ్లను పిల్లలప్పటి నుంచి పెంచేవారు. టీకాలు అత్త చేతి మీదుగానే జరిగేవి. నేను పిల్లను పట్టుకుని తల పక్కకు తిప్పితే ఆవిడ కంట్లో చుక్క వేసేది. వేసి ఊరుకునేది కాదు. పిల్ల కన్ను మూసి తెరిచి, మందు లోపలికి దిగిందని చూశాకే వదలమనేది. నేను తొందరపడితే, "ఉండవే, దానిదీ కన్నే కదా" అనేది. నీరసంగా ఉన్న షెడ్డును ఎప్పుడూ ఆఖరికి పెట్టుకునేది. బాగున్న పిల్లల దగ్గరకు తన కాళ్లతో తెగులు మోసుకెళ్లకూడదని.

తొంభై నాలుగు వానాకాలంలో ఇవతలి షెడ్డు పిల్లలు మూడో వారంలో రెక్కలు వేలాడేసి తెల్లగా నీళ్ల రెట్ట వేశాయి. కొన్ని పోయాయి, మిగతావి నాలుగు రోజుల్లో తేరుకున్నాయి. వాన జల్లుకు పడిశం పట్టిందని అందరం అనుకున్నాం. ఆ తర్వాత కొక్కెర తెగులు టీకా రెండు షెడ్లకూ ఒకే రోజు, ఒకే ఫ్లాస్కులోంచి వేశాం. నెల తిరగకుండానే ఇవతలి షెడ్డులోకి ఆ తెగులే వచ్చిపడింది. మెడలు వంకర్లు తిరిగి పిల్లలు కుప్పలుగా రాలిపోయాయి.

పుకారు అప్పుడే పుట్టింది. టీకా వేసిన రోజు బుచ్చిరాజు గారు ఊళ్లో లేరు, భీమవరం దగ్గర తన చేపల చెరువుల మీద ఉన్నారు. అందుకని విన్నది నమ్మారు.

"ఏం రాజరత్నం, మందు దానంతటది చెడిందా, నువ్వు చెడగొట్టావా? కొత్త బ్యాచి వస్తోంది. ఈసారి టీకాలకి వేరే మనిషిని చూసుకుంటాను."

ఆ మాట బయటికి వెళితే చుట్టుపక్కల ఏ ఫారంలోనూ అత్తను గుమ్మం ఎక్కనివ్వరు. అయినా ఆవిడ పెళ్లి ఊసు ఎత్తలేదు.

"మానిపించండి, మీ ఇష్టం. ముందు డాక్టరు గారిని పిలిచి పిల్లల్ని కోయించండి. రెండు షెడ్లవీనండి."

"అవతల బాగున్నదాన్ని కూడా కోయమంటావా?"

"ఆయ్. చచ్చినదాన్ని ఒక్కదాన్నే చూస్తే ఏం తెలుస్తుందండి?"

పశువుల డాక్టరు మణిశంకర్ గారు స్కూటరు మీద వచ్చారు. ఖాళీ సిమెంటు సంచి పరిచి ముందు అవతలి షెడ్డు పిల్లను కోశారు. రెట్ట వేసే చోటుకు కాస్త పైన, పేగు వెనక, రేగుపండంత తిత్తి ఉంది. తర్వాత ఇవతలి షెడ్డువి వరసగా కోశారు. ఒక్కదానిలోనూ ఆ తిత్తి కందిగింజను మించి లేదు.

"దీన్ని బర్సా అంటారు" అన్నారాయన. "కోడికి మెడ పక్కన థైమస్ ఉంటుంది, లోపల ప్లీహం ఉంటుంది. తెగుళ్లతో పోరాడే లింఫోసైట్లు, అంటే ఒక రకం తెల్ల కణాలు, వాటిల్లో ఉంటాయి. కానీ విరుగుడు తయారుచేసే కణాలు తయారయ్యేది ఈ తిత్తిలోనే, అదీ పిల్లగా ఉన్నప్పుడే. వీటికి చిన్నప్పుడేదైనా జబ్బు చేసిందా?"

మూడో వారం సంగతి అత్త చెప్పింది.

"అది పడిశం కాదమ్మా, గుంబోరో. నేరుగా ఈ తిత్తినే తినేస్తుంది. టీకా అంటే పాఠం లాంటిది రాజుగారూ. ఈవిడ పాఠం సరిగ్గానే చెప్పింది. వినడానికి లోపల పిల్లలే లేరు."

ఏడో తరగతి మధ్యలో ఆగిపోయిన నాకు కూడా ఆ మాట చక్కగా అర్థమైంది.

"మరి అవతలి షెడ్డుకి రాలేదేంటండీ?" అన్నారు బుచ్చిరాజు గారు.

"కింద పరిచిన ఊక ఎక్కడిది?"

"ఒకే మిల్లుదండి" అంది అత్త. "అవతలికి గోనెల్లేకుండా ట్రాక్టరు తొట్టిలోనే పోసుకొచ్చారు. ఇవతలికి దారి ఇరుకని గోనెల్లో మోయించాం."

"ఏ గోనెలు?"

జవాబు బుచ్చిరాజు గారే చెప్పాల్సి వచ్చింది. మా వైపు కోళ్ల ఎరువు గోనెలకెత్తి చేపల చెరువులకు తోలతారు. అక్కడ దులిపిన గోనెలు వెనక్కి వస్తాయి. నాలుగు ఫారాల గోనెలు చెరువు గట్టున కలిసిపోతాయి, ఎవరివి ఎవరికి చేరాయో ఎవరూ చూడరు. పనికొస్తాయి కదా అని వాటిలోనే మళ్లీ ఊక నింపుతాం. అలా ఎవరి ఫారం తెగులో మా పిల్లల కాళ్ల కిందకు చేరింది.

"పారేయడం ఎందుకని నేనే పంపానండి" అన్నారాయన నెమ్మదిగా.

కొత్త బ్యాచికి టీకా వేసే రోజు బుచ్చిరాజు గారు జీపు తెచ్చి సరిగ్గా టీ కొట్టు ముందు ఆపారు. అత్తను అక్కడికే పిలిపించి, అందరూ చూస్తుండగా ఫ్లాస్కు చేతికిచ్చారు.

"గోనెలు తగలబెట్టించేశాను రాజరత్నం. ఇకనుంచి ఏ షెడ్డులోకి ఏం రావాలన్నా నువ్వు చూసి సరేనన్నాకే."

అత్త మూత తీసి, వేలితో ఐసు తాకి చూసింది. "ఇంకో ముక్క పడాలండి" అంది.

సత్తిరాజు గబగబా సోడాల పెట్టెలోంచి ఐసు తీసి, కడిగి మరీ తెచ్చాడు. "పెళ్లికి పట్టుకెళ్లకు రత్నం" అన్నాడు నవ్వుతూ. అత్త కూడా నవ్వింది. ఆ ఫ్లాస్కు భుజానికి తగిలించుకుని ఆవిడ గట్టు వెంట నడుస్తుంటే, వెనక నడుస్తున్న నాకు కూడా తల దానంతటదే పైకి లేచింది.

ఆ పెళ్లికి అత్త వెళ్లనే లేదు. జ్వరమని చెల్లెలికి కబురు పెట్టి, పెళ్లి రోజు పొద్దు వాలేదాకా షెడ్లలో నా పక్కనే కూర్చుని కోడిపిల్లల కళ్లలో చుక్కలు వేసింది.