ఎనిమిదిలో ఆగిన కారు

నేను టీచరుగా పనిచేసే పల్లెకు పుంగనూరు నుంచి పొద్దున ఒకటే బస్సు. అది తప్పితే ఆ రోజు సెలవు పెట్టాల్సిందే. ఇంటి ముందు మాత్రం కారు ఉండేది. మా ఇంటాయన మదనపల్లెలో ఆఫీసుకు బస్సులోనే పోయి వచ్చేవాడు. కారు కదిలేది ఆదివారాల్లోనే. 2000 దాటిన కొత్తలో ఒక వేసవి సెలవుల్లో, డ్రైవింగు నేర్చుకుంటానన్నాను.

"నీకు యాల? యాడన్నా గీకినావంటే క్లెయిమ్ పెట్టాల. పెడితే బోనస్ పాయె," అన్నాడు.

మూడేళ్ళుగా ఒక్క క్లెయిమూ పెట్టలేదని ఇన్సూరెన్సు కంపెనీ ప్రీమియంలో తగ్గించేది. ఆ బోనస్ అంటే ఆయనకు ప్రాణం. కుప్పంలో పనిచేసినప్పుడు నాలుగేళ్ళు మోపెడ్ నడిపి ఒక కోడికి కూడా తగిలించనిదాన్ని నేను. అది ఆయనకు గుర్తులేదు.

నేను పట్టు వదలకపోయేసరికి, "లైసెన్సు తెచ్చుకో, తాళం ఇస్తా," అన్నాడు.

నేర్చుకునేవాళ్ళకిచ్చే ఎల్.ఎల్.ఆర్. తీసుకుని మదనపల్లెలో ఒక డ్రైవింగు స్కూల్లో చేరాను. నేర్పే ఆయన ఎడమ పక్క కూర్చునేవాడు. ఆయన కాళ్ళ దగ్గర కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు. ప్రమాదం వస్తే వాడటానికేమో అనుకున్నాను. వారం తర్వాత అంగళ్ళ మధ్య ఒక ఎద్దులబండి అడ్డం వచ్చింది. నేను తొక్కకముందే కారు ఆగింది. వంగి చూస్తే ఆయన రెండు కాళ్ళూ రెండు పెడల్స్ మీద ఉన్నాయి. ఇన్నాళ్ళూ నడిపింది నేనా, ఆయనా?

"కాళ్ళు తీయండి," అన్నాను.

"తీస్తే ఇద్దరమూ ఆస్పత్రిలో ఉంటాం మేడం," అని నవ్వాడు.

నెల తిరిగాక టెస్టు, అదే స్కూలు కారులో, పక్కన నేర్పే ఆయనే. నేలమీద ముగ్గుతో గీసిన ఎనిమిది అంకె చుట్టూ కారు తిప్పాలి. మా డ్రైవింగు స్కూలు వాళ్ళు నలుగురు నాకన్నా ముందు తిప్పారు. అందులో ఒకాయన క్లాసుకు వచ్చింది మూడు రోజులే. నలుగురూ పాసు. నేను ఎనిమిది సగం దాటాను. రెండో వంపులో నా పాదం పక్కనున్న బ్రేకు పెడలు దానంతట అదే కిందికి దిగింది. కారు ఊగి ఆగిపోయింది.

"ఇంకా నేర్చుకోవాలమ్మా. వారం తర్వాత రండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"క్లచ్చు గబుక్కున వదిలేసినారు మేడం," అన్నాడు నేర్పిన ఆయన, నా మొహం చూడకుండా.

బస్సెక్కి పుంగనూరు వస్తూ కిటికీలోంచి చూశాను. మదనపల్లె బస్టాండు ఎదుటి హోటల్లో మా ఇంటాయన, నాకు నేర్పిన ఆ డ్రైవింగు స్కూలాయన టీ తాగుతున్నారు. వాళ్ళిద్దరికీ పరిచయం ఉందని నాకు ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం మా ఇంటాయన వచ్చి, "ఏమైంది టెస్టు?" అని అడిగాడు, ఏమీ తెలియనట్టు.

"పోయింది," అన్నాను.

బడి తెరవడానికి నాలుగు రోజులుందనగా మళ్ళీ టెస్టుకు పోయాను. స్టార్టు చేసే ముందు, పక్కన కూర్చున్న నేర్పే ఆయనతో, "చెప్పులు విడిచి బాసింపట్టు వేసుకోండి. లేకుంటే కారు కదలదు," అన్నాను.

"అందరూ సూస్తాండారు మేడం!"

"చూడనీండి."

ఆయన సీటు మీద కాళ్ళు మడిచి కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టరు కిటికీలోంచి తొంగి చూసి, "ఏమప్పా, ఈడ భజన యామన్నా జరగతాండాదా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. ఎనిమిది పూర్తిచేసి ముగ్గు తొక్కకుండా బయటికి వచ్చాను. పాసు.

లైసెన్సు చేతికొచ్చిన పొద్దున దాన్ని మా ఇంటాయన కాఫీ గ్లాసు పక్కన పెట్టి, తాళం అడిగాను. ఆయన లైసెన్సు అటూ ఇటూ తిప్పి చూసి, తాళం ఇచ్చాడు.

"ఆ రోజు హోటల్లో డ్రైవింగు స్కూలాయనతో ఏం మాట్లాడినారు?" అన్నాను.

"ఏ రోజు?" అన్నాడు.

ఏ రోజు అని అడిగాడంటే, ఒక్క రోజు కాదన్నమాట. బడికి టైమవుతోంది. కారు తీశాను.