సముద్రంలో దిగిన విమానం, నా దసరా పావడ

బస్టాండులో పెట్రోలు వాసన వస్తే అందరూ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటారు. నాకు మాత్రం నెల్లూరు తీరంలో మా జాలరిపాళెం గుర్తుకొస్తుంది. తెల్లదొరల కాలంలో, యుద్ధం రోజుల్లో నాన్న అక్కడ బడిపంతులు. ఇసుక మీద ఎండుతున్న నెత్తళ్ల చేపల వాసన, సరుగుడాకుల పొగ, దసరాకి అమ్మ వండే బెల్లపు పాకం వాసన కలిసి ఇల్లంతా కమ్ముకునేవి. రోజూ పొద్దున ఒక గస్తీ విమానం తీరం వెంబడే పోయేది. పిల్లలమంతా గవ్వలాట ఆపి చేతులూపేవాళ్లం.

అలల మధ్య తెప్ప మీద ఉన్నవాళ్లకు చేపల గుంపు కనబడదు. అందుకని పాళెంలో ముసలి జాలరి పోలయ్య తాత ఇసుకదిబ్బ ఎక్కి, ఎటు పోవాలో తెల్ల తువ్వాలు ఊపి చెప్పేవాడు.

ఒక దసరా నాడు ఆ విమానం దగ్గుతూ వచ్చి, పొట్టతో నీళ్లను రాసుకుంటూ దూరంగా సముద్రంలో దిగిపోయింది. అది మునిగేలోపు నలుగురు మనుషులు చిన్న రబ్బరు పడవలోకి దూకారు. తాత కొడుకులిద్దరూ వెంటనే రెండు తెప్పలు తోశారు. గాలి పడవను దక్షిణానికి లాగుతుంటే, అది కనబడక తెప్పలు ఉత్తరానికి పోతున్నాయి. అంత దూరానికి తాత తువ్వాలు వాళ్ల కంటికి ఆనలేదు. తాత మా అమ్మకేసి తిరిగి కేకేశాడు:

"అయ్యవారమ్మా, ఎర్రగుడ్డ ఏదన్నా ఉంటే ఈమ్మా! పిలకాయలు దారి తప్పతుండారు!"

అమ్మ చూపు నా కొత్త ఎర్ర పావడ మీద పడింది.

"నేనియ్యను!"

"మనుషులు పోతుంటే నీకు పావడ గావాల్నా?" అంటూనే అమ్మ దాన్ని లాగేసింది.

తాత దాన్ని గెడకు కట్టి దక్షిణంగా ఊపాడు. నేను చెడ్డీతో నిలబడి ఏడుస్తుంటే, తాత భార్య నవ్వింది: "ఏడవబాకమ్మణ్ణీ, నీ పావడని సముద్రమంతా జూస్తుండాది!"

తెప్పలు తిరిగాయి! పాళెమంతా ఒక్క గొంతుతో అరిచింది. నలుగురినీ ప్రాణాలతో తెచ్చారు. పెట్రోలు వాసన కొట్టే తడి బట్టలతోనే వాళ్లు మా అరుగు మీద కూర్చుని గంజి తాగారు. ఒకాయన పచ్చిమిరపకాయ కొరికి గంతులేస్తే, ఏడుపు మరిచి నేనూ నవ్వాను. ఆ రాత్రి పాళెంలో తప్పెట్లు ఆగలేదు.

మొన్న మా పాపతో అక్కడికి వెళ్లాను. తాత లేడు. దిబ్బను చదును చేసి సరుగుడు వేశారు. పాప అలల వైపు పరుగెత్తింది. దానికి తుమ్మొచ్చినా నిద్రపట్టని దాన్ని నేను. "ఆగు" అన్న మాట నోటిదాకా వచ్చింది. ఆ నలుగురూ తెప్పలు దిగి ఒడ్డుకు నడిచొచ్చింది ఈ నీళ్లలోనే. మాట మింగేసి, చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, నేనూ దాని వెనకే దిగాను.