పసి ప్రాణానికి ఎంత మందు

మా డాక్టరమ్మ పోయిందని భూపాలపల్లి నుంచి వాళ్ల తమ్ముడు ఫోన్ చేసి చెప్పిండు. నర్సింహులపేట పశువుల దవాఖానలో పదకొండేండ్లు ఆమె దగ్గర అటెండర్‌గా పనిచేసిన. ఏడుపు రాలేదు. ఇగ ఆమెకు నొప్పి ఉండదన్న మాటే ముందు తట్టింది.

నేను చేరిన కొత్తలో ఒక ముసలి రైతు మూడు రోజుల దూడను తెచ్చిండు. కుక్కలు తొడ చీల్చినయి. కుట్లు వెయ్యాలె. బీరువాలో తాళమేసి పెట్టే, నల్లమందు జాతి నొప్పి సూది ఉంది. ఆవుకిచ్చే మోతాదును దూడ బరువుకు తగ్గించి చెప్పిన. ఆమె తల అడ్డంగా ఊపింది.

"గట్ల కాదు తమ్మీ. దూడ అంటే చిన్న ఆవు కాదు. దీని కాలేయం ఇంకా పని నేర్వలే, మందును తొందరగా బయటికి పంపలేదు. మందు మెదడులకు పోకుండ ఆపే కాపలా గూడ గట్టిపడలే. తల్లికి నొప్పి తగ్గించే లెక్కనే దీనికి ఊపిరి ఆపుతది."

"అయితే సూదే వద్దు మేడం. పసిదానికి నొప్పేం తెలుస్తది?" అన్నడు రైతు.

"మనకు తెలిసినట్టే తెలుస్తది బాపు. చెప్పుకోరాదు, గంతే."

చాలా కొంచెం ఇచ్చింది. కుట్లేసినంక దూడ పక్కటెముకల మీద అరచెయ్యి పెట్టి మధ్యాహ్నం దాకా నేలమీదనే కూసుంది. దూడ బతికింది. తాళమేస్తూ ఆమె అప్పుడు చెప్పింది. "ఉద్యోగం మొదట్ల నేను గూడ నీ తీరుగనే లెక్కగట్టి ఇచ్చిన. దూడ నిమ్మళంగ పడుకున్నదనుకున్న. అది ఊపిరి తీసుకునుడే మానింది."

తర్వాత రైతుల ముందు ఆమె చాలాసార్లు ఓడిపోయింది. ఎంత చెప్పినా కొందరు దూడల్ని, మేకపిల్లల్ని కట్టేసి, ఏ మందూ లేకుండనే ఆమెతోని పుండ్లు కోయించుకునేటోళ్లు. ఆమె ఎవరినీ తిట్టలేదు. చేతులు కడుక్కొని, తువ్వాల ఉన్నా ఎండలో నిలబడి ఆరబెట్టుకునేది. మరో ప్రాణి నొప్పిని నమ్మడం నేను ఆమె దగ్గరే నేర్చుకున్న.

పోయినేడు ఆమె ఎముకలకు క్యాన్సర్ పాకింది. భూపాలపల్లిల తమ్ముడుండే బొగ్గుగని క్వార్టర్‌కు పోయి చూసిన. మొదట్లో పొద్దంతా పనిచేసిన మార్ఫిన్ గోలీ, అదీ నల్లమందు జాతిదే, అప్పటికి గంట కూడా నిలుస్తలేదు.

"ఒంటికి అలవాటైపోయింది తమ్మీ. దూడకు చుక్క ఎక్కువైతది, నాకు డబ్బా చాలది," అని నవ్వబోయి పెదవి కొరుక్కుంది. చెయ్యి పట్టుకోబోయిన. ముట్టుకున్నా నొస్తదని తమ్ముడు సైగ చేసిండు. నొప్పి గురించి ఆమెకు అంత తెలిసినా, అందులో ఏదీ ఆమెకు అక్కరకు రాలేదు.

ఆమె జాగాలో ఇంకా ఎవరూ రాలేదు. మొన్న తండా నుంచి ఒకామె కాలు విరిగిన మేకపిల్లను తెచ్చింది. పుట్టి రెండు రోజులు. బీరువా ఖాళీ. మందున్నా ఇచ్చే హక్కు నాకు లేదు.

"డాక్టర్ లేరక్కా. మహబూబాబాద్ పోవాలె."

"బస్సు ఎప్పుడొస్తదో ఏమో అన్నా. జర నువ్వే ఏమన్న చెయ్యి."

కాలికి కట్టె పెట్టి గుడ్డ చుట్టిన. అంతకుమించి నా చేత కాలేదు. ఆమె మెట్టు మీద కూసుని, ఎండ తగలకుండా మేకపిల్ల మీద కొంగు కప్పింది. అరుపు లేదు. ఆ కొంగు మాత్రం సన్నగ వణుకుతనే ఉన్నది.